ఉప్పుకాగితం గుమ్మం దాటదు

దుకాణం తెరిచిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి: వానొస్తే పక్కవాడి మాట వినపడని రేకుల షెడ్డు, కాళ్లు సరిచేసి నిలబెట్టిన ఓ పాత పనిబల్ల, దారిన పోయేవాణ్ణి కూడా ఆపి కూర్చోబెట్టగల నా నోరు. వీటన్నిటికీ పైన, మా బావ చెయ్యి.

బావ అంటే మా అక్క భర్త. వడ్రంగి. చిత్రిక పట్టడంలో ఆయనకి సాటి వచ్చేవాణ్ణి నేను చూడలేదు. నేను చెక్క కొంటాను, బేరం చేస్తాను, అమ్ముతాను. మధ్యలో దాన్ని నలుగురూ ముచ్చటపడే వస్తువుగా మార్చేది ఆయన. షెడ్డు పోతే ఇంకో షెడ్డు దొరుకుతుంది, బావ చెయ్యి పోతే దుకాణమే లేదు. ఈ లెక్క నాకు మొదటి రోజునుంచీ తెలుసు. తెలిసిన లెక్కే కదా అని మళ్లీ సరిచూసుకోలేదు.

చెక్కని నున్నగా చెయ్యడానికి రెండు దారులున్నాయి. ఒకటి తోపడతో చిత్రిక పట్టడం. కొయ్య దిమ్మలో పదునైన ఉలి బిగించి, చెక్కలో పీచు నడిచే తీరు, అంటే నార వాటం చూసి తోస్తే, ఉల్లిపొరలాంటి పొర లేచి సుళ్లు తిరుగుతూ కింద పడుతుంది. ఉలి పీచుని కోస్తుంది. కోసిన చోట చెక్క తనంతట తానే మెరుస్తుంది. రెండోది ఉప్పుకాగితం. అది కొయ్యదు, రుద్దుతుంది. రుద్దిన పీచు అప్పటికి అణిగి పడుకుంటుంది, తడి తగిలితే లేచి కూర్చుంటుంది. చూపుకి రెండూ నున్ననే. తాకి చూసినా చాలామందికి తేడా తెలియదు.

తేడా తెలియని చోట వ్యాపారం నడవదు. అందుకని తేడా చూపించే ఆట ఒకటి కనిపెట్టాను. కొనేవాళ్ల ముందు బల్లని తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా కబుర్లు చెప్పి, జేబులోంచి పట్టుబట్ట ముక్క తీసి దానిమీద విసిరేవాణ్ణి. బావ చిత్రిక పట్టిన బల్ల మీద ఆ ముక్క నిలిచేది కాదు, జారుకుంటూ పోయి అవతలి అంచునుంచి కింద పడేది. పక్కనే ఎక్కడినుంచో తెచ్చి పెట్టిన ఉప్పుకాగితపు చెక్క ఉండేది. దానిమీద అదే ముక్క సగంలో ఆగి, ఒక పోగు పీచుకి తగులుకునేది. ఆ తర్వాత నేను నోరు నొప్పి పుట్టించుకోనక్కర్లేదు.

ఆ ఊపులోనే బోర్డు రాయించాను. దుకాణం పేరు కంటే పెద్ద అక్షరాలతో: ఉప్పుకాగితం మా గుమ్మం దాటదు.

బోర్డు తగిలిస్తుంటే బావ కింద నిచ్చెన పట్టుకుని తలెత్తి చదివాడు.

"ఏరా, రాయించేముందు నన్నొక మాట అడగాల్సింది."

"ఏం బావా, అక్షరం తప్పుందా?"

"అక్షరాలు బానే ఉన్నాయి. నార ఎదురు తిరిగిన చోట తోపడ పెడితే పీచు ఊడొస్తుంది. అలాంటి చోట నేనూ ఉప్పుకాగితమే పడతాను. దానికీ ఓ పనుందిరా."

"చెక్కకి నువ్వు సమాధానం చెప్పు. జనానికి నేను చెప్తాను."

"చెప్పు, చెప్పు. మీ ఇంట్లో పుట్టినవాళ్లందరికీ నోరే ఆస్తి. మీ అక్కతోనే వేగుతున్నాను, నువ్వో లెక్కా."

పనిబల్ల సొరుగులో ఉన్న ఉప్పుకాగితాలన్నీ ఆ సాయంత్రం నేనే ఏరి చెత్తబుట్టలో వేశాను.

బోర్డు బాగా పనిచేసింది. రుద్దే మిషన్లు అమ్ముకునేవాడు ఒకడు మా వీధికి వచ్చి, బోర్డు చదివి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. ఆ కథ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. చెప్పినప్పుడల్లా వెనక పనిబల్ల దగ్గర తోపడ చప్పుడు ఒక్క క్షణం ఆగేది. నవ్వుకుంటున్నాడనుకునేవాణ్ణి.

ఒకరోజు ఒకావిడ వచ్చింది. పెద్ద గది నిండా కుట్టుమిషన్లు పెట్టి పని చేయిస్తుంది. ఆవిడ దగ్గర పనిచేసే అమ్మాయిలు కత్తెరమ్మ అని పిలుస్తారు. పట్టుబట్టలు పరిచి కత్తిరించడానికి పొడవాటి బల్లలు కావాలంది.

"మీ బోర్డు చూసి ఆగాను. మాటేనా, నిజమా?"

తడిగుడ్డ తీశాను, పట్టుముక్క విసిరాను. అది జారి ఆవిడ చెప్పుల మీద పడింది. ఆవిడ వంగి తీసుకుని, దాని అంచు వేళ్ల మధ్య నలుపుతూ, "ముందు ఒక్క బల్ల చెయ్యండి. అది బావుంటే గది మొత్తానికీ మీ బల్లలే" అంది. బావ ఆ వేళ వెనక తలుపు బయట సానరాయి దగ్గర ఉలి నూరుకుంటున్నాడు. ఆవిడ ఆయన్ని చూడలేదు. చూపించాలని నాకూ తోచలేదు.

బల్లకి మంచి టేకు కొన్నాను. బావ రోజూ నాకంటే ముందే షెడ్డుకి వచ్చేవాడు. నేను వెళ్లేసరికి పనిబల్ల కింద చిత్రిక పొరలు కుప్పగా ఉండేవి. వాటిని చూస్తే నాకు కడుపు నిండేది. ఆ పొరలు కూడా నేను ఊరికే పోనివ్వను, గాజు సామాను దుకాణానికి ఇస్తాను. గ్లాసుల మధ్య కుక్కుకోవడానికి పనికొస్తాయి.

"ఈమధ్య మీ పొరలు తెల్లగా, మెత్తగా వస్తున్నాయి. మా గ్లాసులకి పరుపు వేసినట్టుంది" అన్నాడు గాజు దుకాణం ఆయన.

"మా బావ చెయ్యి మరి" అన్నాను.

టేకు పొర తెల్లగా ఉండదు. చెక్క వ్యాపారం చేసేవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలియాలి. కానీ పొరలు ఎవరికి అమ్ముడవుతాయని చూశానే తప్ప, ఏ చెక్కనుంచి వస్తున్నాయని చూడలేదు.

బల్ల తీసుకెళ్లే రోజు, ట్రాలీ బండికి ఎక్కిస్తుండగా బావ అన్నాడు.

"ఈసారి ఆ తడిగుడ్డ ఆట వద్దులేరా."

"ఏం బావా, సిగ్గా?"

"సిగ్గే అనుకో."

నవ్వాను. ఆయనా నవ్వాడు.

కత్తెరమ్మ గది పొడుగ్గా, కిటికీల వెలుతురుతో నిండి ఉంది. రెండు వరసల్లో మిషన్లు. నేలంతా రంగురంగుల దారప్పోగులు. ఇస్త్రీ ఆవిరి వాసన. బల్లని మధ్యలో దించాం. నాకు ఒక అమ్మాయి కుర్చీ వేసి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది. బావకి మూలనున్న కుండ చూపించింది. బావ వెళ్లి తాగి వచ్చి, బల్ల రెండో అంచు దగ్గర నిలబడ్డాడు.

నేను బల్లని తడిగుడ్డతో నిండుగా తుడిచాను. ఆరేదాకా ఆ రుద్దే మిషన్ల వాడి కథ చెప్పాను. అమ్మాయిలు నవ్వారు. మాటల మధ్యలో అలవాటుగా బల్ల మీద అరచెయ్యి వేశాను.

గియ్యని గడ్డంలా తగిలింది.

చెయ్యి తీసి మళ్లీ వేశాను. అదే గరుకు. జేబులో పట్టుముక్కని అక్కడే వదిలేసి ఏదో చెప్పబోయేలోపు కత్తెరమ్మ తన సొంత బట్టల తాను ఒకటి తీసి, కొత్త పట్టుని బల్ల మీద పరుచుకుంటూ లాగింది. అది సగంలో ఆగింది. ఆవిడ ఇంకాస్త లాగింది. పోగు లేచింది. బట్ట మీద అడ్డంగా ఒక సన్నటి గీత పడింది. అంతసేపూ టకటకలాడిన మిషన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి.

"ఇది చిత్రికేనా?" అంది కత్తెరమ్మ. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు నడుస్తుంది. "అమ్మా, ఇది మా మేస్త్రి చెయ్యి కాదు. కొత్తగా పెట్టుకున్న మనిషొకడు తొందరపడి రుద్దేసినట్టున్నాడు. మా మేస్త్రి కంట పడితే ఇది గుమ్మం దాటేదే కాదు" అన్నాను.

లేని మనిషి మీద తప్పు నెడితే ఎవరికీ నష్టం లేదని నా లెక్క. అంత తొందరలోనూ ఆ లెక్క వేసుకున్నాను. కానీ ఆ గదిలో, బల్ల రెండో అంచు పట్టుకుని, నాతో వచ్చిన మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు.

కత్తెరమ్మ ఆయన వైపు తిరిగింది. "మీరేనా?"

నేను నోరు తెరిచాను. తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"నేనేనమ్మా" అన్నాడు బావ. "ఈమధ్యనే చేరాను. పని ఇంకా చేతికి పట్టుబడలేదు."

ఆవిడ తిట్టి ఉంటే బావుండేది. తిట్టలేదు. ఆయన తెల్లజుట్టు చూసింది, చేతులు చూసింది. "ఈ వయసులో కొత్త పని పట్టుకోవడం తేలిక కాదులెండి. మీ మేస్త్రి దగ్గరుండి నేర్చుకోండి, వస్తుంది" అంది.

"నేర్చుకుంటానమ్మా."

తర్వాత నా వైపు తిరిగి, "పెద్దాయన్ని ఏమీ అనకండి" అంది.

"అననమ్మా" అన్నాను.

ఆ మాట నా నోటినుంచే వచ్చింది. ఎవరూ బలవంతపెట్టలేదు. తల కొట్టేసినట్టయింది అంటారు. నాకైతే తల అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వచ్చేటప్పుడు ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని వచ్చాం. బల్లని మళ్లీ ఎక్కించి తిరిగి పోయేటప్పుడు బావ వెనక ఎక్కి, బల్లకి ఆనుకుని కూర్చున్నాడు. అద్దంలో ఆయన వీపు కనిపించింది. డ్రైవరు పాట పెడితే ఆపెయ్యమన్నాను.

షెడ్డు దగ్గర దిగాక, "బావా, అక్కడ నేను..." అన్నాను.

"బల్ల ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

"పెట్టమంటారేంటి బావా?"

"కొత్తగా చేరినవాణ్ణి కదండీ. పద్ధతి ఉండాలి."

వెటకారం ఉంటే పట్టుకుని పోట్లాడేవాణ్ణి. గొంతులో వెటకారం లేదు. బల్లని గోడవారగా చేర్చి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ బల్లకి చోటు చెయ్యాలని పనిబల్లని కాస్త ఇవతలికి లాగాను. దాని వెనక, గోడకి ఆనించి ఒక చెక్క ఉంది. ప్యాకింగ్ పెట్టెలకి వాడే తెల్లటి పనికిరాని చెక్క. బిగింపులో పెట్టిన కొస మాత్రం నా బొటనవేలంత మందంగా ఉంది. మిగతాదంతా చిత్రిక పట్టీ పట్టీ అట్టముక్కలా అయిపోయింది. తలుపు వైపు ఎత్తి పట్టుకుంటే వెలుతురు లోపలినుంచి ఎర్రగా వస్తోంది. పక్కనే బావ పాత క్యారేజీ డబ్బా. అందులో అరిగిపోయిన ఉప్పుకాగితం ముక్కలు, చిన్నవీ పెద్దవీ, మడతపెట్టి ఉన్నాయి.

అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. టేకు బల్లని తెల్లవారకముందే వచ్చి రుద్దుకున్నాడు. రుద్దిన పొడి ఊడ్చేశాడు. తర్వాత నేను వచ్చి చూసి మురిసిపోవడానికి, ఈ తెల్లచెక్కని చిత్రిక పట్టి పొరలు కింద పరిచాడు. రోజూ. నేను రోజూ మురిసిపోయాను.

అక్క ఇంటికి వెళ్లాను. బావ లేడు. అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"బావ చేతికేమైందే?"

"ఇప్పటికి కనపడిందా? మణికట్టు పట్టు తప్పింది. తోపడ తోస్తుంటే మధ్యలో వదిలేస్తోందట. వదిలిన చోట గాడి పడుతుంది. గాడి పడ్డ బల్ల నీ చేతికివ్వలేక రుద్దాడు."

ఆ తెల్లచెక్క మీదైతే గాడి పడ్డా అడిగేవాళ్లు లేరు.

"నాతో చెప్పొచ్చు కదక్కా."

"ఎలా చెప్తాడు? మీ దుకాణంలోకి రావాలంటే ఆ బోర్డు కిందనుంచే కదా రావాలి."

ఆమె ఇంకో బట్ట అందుకుంది. "ఇవాళ ఏమైందో చెప్పాడా?" అన్నాను.

"బల్ల తిరిగొచ్చిందన్నాడు. అంతే. ఇంకేమైంది?"

చెప్పాను. కొత్త మనిషి మాటా, "నేనేనమ్మా" అన్న మాటా, "అననమ్మా" అన్న మాటా. అక్క చేతిలో చొక్కా ఉంది. దాన్ని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"నాకెందుకురా చెప్తావు? ఆ గదిలో అన్నావు. ఆ గదిలో చెప్పు."

మర్నాడు వెళ్లాను. మిషన్లు నడుస్తున్నాయి. నన్ను చూసి అదే అమ్మాయి కుర్చీ తెచ్చింది. కూర్చోలేదు. కత్తెరమ్మని పక్కకి పిలిచి చెప్పేద్దామని చివరి క్షణం దాకా ఆశ ఉంది. కానీ నిన్న నవ్విన అమ్మాయిలంతా అక్కడే ఉన్నారు.

"అమ్మా, నిన్న వచ్చినాయన మా బావ. మా మేస్త్రి ఆయనే. దుకాణంలో ఇంకో పనివాడు లేడు. కొత్త మనిషిని నేను పుట్టించాను."

కత్తెరమ్మ కత్తెర కింద పెట్టింది. "అంటే, మేస్త్రిగారికి నేర్చుకోమని చెప్పానన్నమాట."

"అవునమ్మా."

"కుర్చీ కూడా వెయ్యలేదు ఆయనకి." కాసేపు ఆ ఖాళీ కుర్చీ వైపే చూసింది. "ఆయన అలా ఒప్పుకుంటుంటే మీరు ఎలా ఊరుకున్నారండీ?"

నోరే ఆస్తి అన్నాడు బావ. ఆ వేళ నా దగ్గర ఆ ఆస్తి లేదు.

"బల్ల ఆయన్నే బాగుచెయ్యమనండి" అంది. "ఆయన్ని తీసుకురండి. బట్ట నేను పరుస్తాను. మీరు మాత్రం మాట్లాడకండి."

షెడ్డుకి వచ్చి బోర్డు దించాను. ఆ వరసని తీసెయ్యాలని పనిబల్ల మీద బిగించి, గూట్లోంచి తోపడ తీసి అక్షరాల మీద పెట్టాను. ఎప్పుడు వచ్చాడో, బావ గొంతు వినపడింది.

"రంగు మీద తోపడ పెట్టకండి. ఉలి చస్తుంది. ఉప్పుకాగితంతో రుద్దండి."

"మన దగ్గర ఉప్పుకాగితం ఎక్కడుంది?"

"క్యారేజీ డబ్బాలో ఉంది" అన్నాడు. నా మొహంలోకి చూడకుండా డబ్బా తెచ్చి పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం దాకా రుద్దాను. ముందు 'దాటదు' పోయింది, చివరికి 'ఉప్పుకాగితం' పోయింది. భుజాలు లాగేశాయి. ఇంత చాకిరీని నేను ఇన్నాళ్లూ బద్ధకస్తుల పని అని జనానికి చెప్పి నవ్వించాను.

ఆ తర్వాత బల్ల. రుద్దిన చెక్కలో ఉప్పుకాగితం ఇసుక ఇరుక్కుని ఉంటుంది, అది ఉలి పదును తినేస్తుంది. బావ కుంచెతో దులిపి, తుడిచి, ఆరబెట్టాడు. ఉలి నూరాడు. తోపడ ఎత్తి బల్ల మీద పెట్టి అలాగే నిలబడ్డాడు. మణికట్టుని రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు.

ఇద్దరు కలిసి తోపడ పట్టే పద్ధతి ఒకటుంది. తోపడ ముందు భాగానికి తాడు కట్టి ఎదురుగా ఒకడు లాగుతాడు. వెనకవాడు అదిమి పట్టి దారి చూపిస్తే చాలు. పెద్ద దూలాలకి అలా చెయ్యడం చూశాను. తాడు ఒకటి వెతికి తెచ్చాను.

"నేను లాగుతాను. నువ్వు దారి పట్టించు బావా."

"మీకు అలవాటు లేదు."

"కొత్తగా చేరాను" అన్నాను. "నేర్చుకుంటాను."

నిన్నటినుంచీ మొదటిసారి నా మొహంలోకి చూశాడు. తాడు కట్టాడు.

మొదటిసారి లాగినప్పుడు తోపడ ముక్కు పైకి లేచి, బల్ల అంచున ఓ పెచ్చు లేచిపోయింది.

"ఒరే, పైకెత్తకురా, నీ బొడ్డు వైపు లాగు" అన్నాడు బావ.

అని, ఆగాడు. నేనూ ఆగాను. ఆయన వంగి ఉలి సరిచేసుకుంటున్నట్టు చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత, "లాగండి" అన్నాడు.

లాగాను. టేకు రంగు పొర, గోధుమ రంగుది, నిండు పొడవున లేచి మా ఇద్దరి మధ్యా పడింది. ఇరుక్కున్న ఇసుక తగిలి ఉలి మాటిమాటికీ మొద్దుబారేది. బావ నూరుకొచ్చేవాడు. మళ్లీ తాడు. చివరలో ఒక మూల నార ఎదురు తిరిగి ఉంది. దాన్ని మాత్రం ముట్టుకోకుండా వదిలేశాడు.

బల్లని మళ్లీ తీసుకెళ్లాక, ఆ మూలని కత్తెరమ్మ గదిలోనే, అందరి ముందూ, ఉప్పుకాగితంతో రుద్దాడు. ఎందుకు రుద్దుతున్నారని ఆవిడ అడిగితే చెప్పాడు. ఆవిడే తడిపింది, ఆరాక లేచిన పీచుని బావ మళ్లీ సన్నటి కాగితంతో పడుకోబెట్టాడు. బట్ట ఆవిడే పరిచింది. పట్టు ఆ మూల దాకా జారింది, అక్కడ కాస్త నెమ్మదించి, దాటింది. మొదటిరోజు నాకు కుర్చీ వేసిన అమ్మాయి ఈసారి ముందే బావకి కుర్చీ వేసి ఉంచింది. బావ దాని అంచున కూర్చుని మంచినీళ్లు తాగాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఒక్క మాట మాట్లాడలేదు.

బల్ల ఉంచుకుంది. మిగతా బల్లల మాట ఆవిడ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు లెక్క చూసుకుంటే, పోయినవి ఇవి: బోర్డు మీద ఒక వరస, ఒక గది నిండా బల్లలు, మిషన్ల వాడి కథ. ఆ కథ ఇప్పుడు ఎవరికీ చెప్పబుద్ధి కాదు. చేతికొచ్చినవి ఇవి: అరచేతిలో అడ్డంగా తాడు కోసిన గీత, పారెయ్యడానికి చేతులు రాక షెడ్డు గోడకి ఆనించి ఉంచిన అట్టముక్కలాంటి తెల్లచెక్క, పనిబల్ల సొరుగులో పైకి కనపడేలా పెట్టిన ఉప్పుకాగితాల దొంతర. ఇంకా, తాడు తప్పుగా లాగినప్పుడు మాత్రమే, రోజుకి ఒకటో రెండో "ఒరే"లు. మిగతా మాటలన్నీ ఇంకా "అండీ"లే.